పాళీ మాట నమ్మొద్దు

దేవరకొండ కలం మీద ఒక సంవత్సరం చెక్కి ఉండేది. దాన్ని నేనే చెరిపేశాను.

అమ్మ వాళ్ల పెద్దనాయన నిజాం కాలంలో దేవరకొండ తహసీలు కచ్చేరిలో గుమాస్తాగా చేశారు. ఆయన పెట్టె నల్లగొండలో మా ఇంటి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉంది. ఒక వేసవి సెలవుల్లో దింపితే అడుగున పాత రసీదులు, ఓ గుడ్డసంచి, అందులో చుట్టపొగాకు రంగుకు తిరిగిన లావుపాటి కలం కనిపించాయి. గొట్టం మీద ఏవో గీతలు. నాకు ఉర్దూ రాదు. మురికి అనుకున్నాను. గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. తెల్లారేసరికి కలం ఇంకా పాలిపోయి, మట్టిరంగుకు దిగింది. గిన్నె దగ్గర ముక్కు పెడితే అగ్గిపుల్ల గీసినప్పటి వాసన. ఇదేం పని అయిందిరా అనుకుని, సైకిల్ షాపు నుంచి సన్న గరుకు కాగితం తెచ్చి గంటసేపు రుద్దాను. నల్లగా నిగనిగలాడింది. గీతలు పోయాయి. కలం కొత్తదైపోయిందని సంబరపడి అమ్మకు చూపించాను.

అమ్మ కలం అటూ ఇటూ తిప్పి చూసి, “గది మా పెద్దనాయనది బిడ్డా. బదిలయినప్పుడు కచ్చేరోళ్లు ఇచ్చిండ్రట. గా పేరేడ వోయింది?” అంది.

ఆ తర్వాత ఉర్దూ చదివే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, దీపం ఏటవాలుగా పట్టి చాలాసేపు చూసి, దేవరకొండ అనే మాటలో సగం, పక్కన 1, 3 అనే రెండు అంకెలు ఉన్నాయని చెప్పారు. ఆ 13 తర్వాత ఉండాల్సిన రెండంకెలు నా గరుకు కాగితానికి అంటుకుపోయాయి. ఈ అధ్యాయమంతా ఆ రెండంకెల కోసం నేను పడ్డ పాట్ల గురించే. మీ ఇంట్లో పాత ఇంకు పెన్ను ఒకటుంటే, దాని వయసు ఎలా కనుక్కోవాలో ఇందులో ఉంది. ఎలా కనుక్కోకూడదో కూడా ఉంది. రెండోది నా సొంత అనుభవం కాబట్టి కాస్త ఎక్కువే ఉంది.

ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో కళ్లతో చూసింది రాయండి, కుడి పేజీలో చెవులతో విన్నది. “గొట్టం నల్లది, పొడవు ఇన్ని సెంటీమీటర్లు, క్లిప్పు లేదు” ఎడమ పేజీ. “తాతకు ఫలానా దొర ఇచ్చాడు” కుడి పేజీ. కుడి పేజీలో రాసింది అబద్ధమని కాదు. దానికి సాక్ష్యం దొరికే దాకా అది ఎడమ పేజీకి పోదు, అంతే. ఈ చిన్న అలవాటు పెన్నులకే కాదు, పొలం తగాదాలకూ పెళ్లి సంబంధాలకూ పనికొస్తుందని మా ఇంట్లో వాళ్లు నన్ను ఎగతాళి చేస్తారు. చేస్తే చేయనీ.

ఇక కలం దగ్గరికి వద్దాం. చేతికి రాగానే అందరూ మొదట చూసేది పాళీనే. మెరుస్తుంది, దాని మీద అక్షరాలు ఉంటాయి, ఏదో దేశం పేరు కూడా ఉండొచ్చు. అందుకే అది తప్పుదోవ పట్టిస్తుంది. పాళీ అరిగే సామాను. సైకిల్ టైరు చూసి సైకిల్ వయసు చెప్పడం ఎలాంటిదో, పాళీ చూసి కలం వయసు చెప్పడం అలాంటిది. మన కచ్చేరీల్లో అయితే మరీను. అప్పట్లో రికార్డు రాతకు వాడిన నీలినలుపు సిరాలో ఇనుప లవణం, కరక్కాయలో ఉండేలాంటి వగరు పదార్థం కలిసి ఉండేవి. రాసినప్పుడు నీలంగా ఉండి, గాలి తగిలిన కొద్దీ నల్లబడి కాగితంలోకి దిగిపోతుంది. నీళ్లు పడ్డా పోదు. తెలంగాణ రైతులు ఈ రోజుకీ భూమి పంచాయితీ వస్తే వెతుక్కునే 1954-55 ఖాస్రా పహాణీ ఇంకా చదవడానికి వస్తోందంటే, చేతిరాతల రికార్డుకు అలాంటి పట్టున్న సిరా ఎందుకు కావాలో అర్థమవుతుంది. కానీ ఆ సిరాలో పులుపు ఉంటుంది. ఉక్కు పాళీని అది తినేస్తుంది. బంగారు పాళీని ఏమీ చేయలేదు గానీ, గుమాస్తాలకు బంగారు పాళీలు ఎక్కడివి? పాళీ తుప్పు పట్టడం, బజారుకు పోయి కొత్తది వేయించుకోవడం, మళ్లీ రాయడం. ఒకే గొట్టానికి నాలుగైదు పాళీలు మారినా ఆశ్చర్యం లేదు.

నా దేవరకొండ కలం పాళీ మీద తళతళలాడే పూత ఉంది, అంచుల్లో ఒక్క చుక్క తుప్పు లేదు. గొట్టం ముసలిది, పాళీ పడుచుది. పాళీని నమ్మి ఉంటే దాన్ని 1970ల కలం అనేవాణ్ణి.

పాళీ మీద 14 కె లేదా 585 అని ఉంటే అది బంగారం, ఆ రెండూ ఒకే కొలత. 18 కె, 750 కూడా అంతే. ‘ఇరిడియం పాయింట్’ అని ఉంటే దాన్నిబట్టి ఏ సంవత్సరమూ తేలదు. దశాబ్దాల తరబడి ఎన్నో దేశాల పాళీల మీద ఆ మాట కొట్టారు.

తర్వాత గొట్టం. బొటనవేలితో గొట్టాన్ని గట్టిగా పది సార్లు రుద్ది వాసన చూడండి. గంధకం వాసన వస్తే ఎబొనైటు, అంటే గంధకం కలిపి వేడి చేసి గట్టిపరచిన రబ్బరు. హారతి కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం పడుతుంది. ఏ వాసనా రాకపోతే తర్వాతి కాలపు ప్లాస్టిక్కు అయ్యుండొచ్చు. కాల్చిన సూది గుచ్చి పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. ఎబొనైటు ఎండకు, తడికి గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని మురికి అనుకుని నానబెట్టానే, అదే నా మొదటి తప్పు. లోపల ఎండిపోయిన సిరా కడగాలంటే పాళీని, అది బిగించి ఉండే ముందు ముక్కను మాత్రం విప్పి చల్లని నీళ్లలో ముంచండి. గొట్టానికి పొడి గుడ్డ చాలు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కలాల వయసు చెప్పే పుస్తకాలు ఎక్కువగా అమెరికాలో, ఇంగ్లండులో రాసినవి. వాటిలో ఒక పట్టిక ఉంటుంది. ఫిల్లర్‌తో సిరా పోసుకునే కలాలు ముందొచ్చాయి. తర్వాత 1910ల నుంచి మీట ఎత్తితే లోపలి రబ్బరు తిత్తి సిరా పీల్చేవి, 1929లో జర్మనీ పెలికాన్ పిస్టన్ కలం, 1933లో పార్కర్ వాక్యుమాటిక్. ఆ లెక్కన ఫిల్లర్ కలం మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట. ఎబొనైటు అయితే మరీ పాతది, 1930లు వచ్చేసరికి అక్కడ దాన్ని చాలావరకు వదిలేశారు. ఈ పట్టిక పట్టుకుని మన కలాన్ని చూస్తే ప్రతి పెన్నూ వందేళ్లదే అవుతుంది. మన దగ్గర ఎబొనైటు గొట్టాన్ని లేతు మీద తిప్పి, ఫిల్లర్‌తో సిరా పోసుకునే కలాన్ని ఈ రోజు కూడా చేస్తున్నారు. మా బడి రోజుల్లో, 1980ల్లో, సగం క్లాసు జేబులకు సిరా మరకలు ఉండేవి. అవన్నీ ఫిల్లర్ కలాలే, ఒక్కటీ పురావస్తువు కాదు. అక్కడి గడియారం ఇక్కడ పనిచేయదు.

మన గడియారం వేరే ఉంది. అది రాజమండ్రి దగ్గర మొదలవుతుంది. 1932లో కె.వి. రత్నం అక్కడ కలాల పని పెట్టారు. గాంధీజీ స్వదేశీ పిలుపు దానికి ప్రేరణ. ఆయన పంపిన కలం బాగుందని, విదేశీ కలానికి బదులు వాడుకోవచ్చని గాంధీజీ 1935 జులై 16న ఉత్తరం రాశారు. అదే ఊళ్లో 1946లో గైడర్ మొదలైంది. రత్నం అనీ, రత్నంసన్ అనీ రెండు పేర్లు కలాల మీద కనిపిస్తాయి. రెండూ ఒకటే అనుకుని ఒకదాని చరిత్ర ఇంకోదానికి అంటగట్టకండి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ 1928 నుంచి ఉంది. మన జిల్లాల పెట్టెల్లో దొరికే కలాలకు ఈ దారులు కూడా ఉన్నాయి కాబట్టి, ముందే లండన్‌కూ న్యూయార్కుకూ పరుగెత్తొద్దు.

గొట్టం మీద ఊరి పేరు ఎలా రాసి ఉందో చూడండి. పేర్లు మారిన తేదీలు మనకు తెలుసు. మద్రాసు 1996లో చెన్నై అయింది, బొంబాయి 1995లో ముంబై, రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం. డబ్బా మీద మద్రాస్ అని ఉంటే అది 1996కు ముందుది కావొచ్చు. కావొచ్చు అంటున్నాను, ఎందుకంటే పాత డబ్బాల నిల్వ అయిపోయేదాకా వ్యాపారి కొత్తవి కొట్టించడు. ఇంగ్లిషు అక్షరాల్లో ముంబై అని ఉంటే మాత్రం అది 1995కు ముందుది కాదనుకోవచ్చు. కొత్త పేరు గట్టి సాక్షి, పాత పేరు మెత్తని సాక్షి. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మీ పని సగం అయినట్టే.

డబ్బా గానీ, బిల్లు గానీ దొరికితే మీరు అదృష్టవంతులు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందు కావొచ్చు. నయా పైసల్లో ఉంటే 1957కూ 1964కూ మధ్య. హాలీ సిక్కాలో ఉంటే అది హైదరాబాద్ సంస్థానపు సొంత నాణెం, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది. మా పెట్టెలోని ఒక రసీదులో పక్కపక్కనే హాలీ ఇంత, కల్దారు ఇంత అని రెండు లెక్కలు ఉన్నాయి. కల్దారంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. దుకాణం చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతే. నల్లగొండ 508001, మహబూబ్‌నగర్ 509001 అని చూడగానే ఎడమ పేజీలో నిశ్చింతగా రాసేయొచ్చు. ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబరు 1 తర్వాత. హైదరాబాద్ దక్కన్ అని ఉంటే అంతకు ముందు కావొచ్చు.

ఇప్పుడు నా 13 దగ్గరికి.

నిజాం రాజ్యంలో సర్కారు లెక్క ఫస్లీ సంవత్సరాల్లో నడిచేది. ఫసల్ అంటే పంట. పంట శిస్తు కోసం పుట్టిన లెక్క అది. సంస్థానంలో అక్టోబరు తొలి వారంలో ఆజర్ మాసంతో కొత్త ఫస్లీ మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, జనవరి వచ్చాక అయితే 591. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫస్లీలో పడుతుంది. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టి తెలుగు కోసం గొంతెత్తినా, కచ్చేరి కాగితం ఉర్దూలోనే సాగింది. కాబట్టి దేవరకొండ కచ్చేరి వాళ్లు ఇచ్చిన బహుమతి మీద ఉర్దూ అంకెల్లో ఫస్లీ ఉండటం సహజమే. నా కలం మీద మిగిలిన 13, ఫస్లీ 1300ల తాలూకు సంఖ్య. అంటే 1890 నుంచి 1990 దాకా ఎప్పుడైనా. వందేళ్ల గుంట!

ఆ గుంటను పూడ్చింది కలం కాదు, పెట్టెలోని కాగితాలు. పెద్దతాత కొలువు తాలూకు నకలు ఒకటి దొరికింది. దాని ప్రకారం ఆయన దేవరకొండలో ఉన్నది 1343 నుంచి 1351 ఫస్లీ దాకా. మన లెక్కలో 1933 అక్టోబరుకూ 1942 అక్టోబరుకూ మధ్య. ఇది చూడగానే 1351 అని రాసేయబోయాను. బదిలీ అయినప్పుడు ఇచ్చారని అమ్మ చెప్పింది కదా, బదిలీ 1351లో కదా! చేయి ఆగింది. బదిలీ మాట కుడి పేజీలోది. నేను దాన్ని ఎడమ పేజీలోకి లాక్కొస్తున్నాను. ఇంకో చిక్కు కూడా ఉంది. చెక్కిన సంవత్సరం కలం చేతికిచ్చిన సంవత్సరం, కలం తయారైన సంవత్సరం కాదు. దుకాణంలో రెండేళ్లు మగ్గిన సరుకు అయినా కావొచ్చు.

కొన్ని కంపెనీలు ఇంత కష్టపెట్టవు. 1930ల చివరి నుంచి 1950ల మొదటి దాకా అమెరికాలో చేసిన పార్కర్ కలాల గొట్టం మీద సంవత్సరపు చివరి అంకె, పక్కన చుక్కలు ఉంటాయి. చుక్కలు ఏడాదిలో ఏ మూడు నెలలో చెబుతాయి. 1980ల చివరి నుంచి పార్కర్ వాళ్లు క్వాలిటీపెన్ అనే పది అక్షరాల ఇంగ్లిషు మాటను అంకెలకు బదులు వాడారు, క్యూ అంటే 0, చివరి ఎన్ అంటే 9. కాకపోతే అదీ పదేళ్లకోసారి తిరిగొచ్చే లెక్కే. ఏ దశకమో మీరే కనుక్కోవాలి.

పార్కర్ పేరు వచ్చింది కాబట్టి పాలమూరు కలం సంగతి చెప్పాలి. మహబూబ్‌నగర్ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ల తాత రజాకార్ల కాలంలో వాడిన పార్కర్ 51 ఉందట, ఎంత పలుకుతుందో చూడమని. తీసుకొచ్చాడు. ఉక్కు మూత, మెరూన్ గొట్టం, పాళీ ముసుగులో దాక్కుని కొన మాత్రం బయటికి. దూరం నుంచి అచ్చం 51 లాగే ఉంది. మూత అంచు కింద అద్దం పెట్టి చూస్తే ‘హీరో’ అని చిన్న అక్షరాలు. షాంఘై కలం.

పార్కర్ 51 వచ్చింది 1941లో, కాబట్టి 1947, 48ల్లో పాలమూరులో ఒకటి ఉండటంలో వింతేం లేదు. దాన్ని పోలిన హీరో కలాలు మాత్రం 1950ల చివరిలో గానీ రాలేదు. రజాకార్ల కాలానికి అలాంటి హీరో కలం లేదు. మిత్రుడి ముఖం చిన్నబోయింది. “అంటే మా తాత అబద్ధమాడిండా?” అన్నాడు.

అబద్ధమాడి ఉండక్కర్లేదు. తాతకు నిజంగానే ఒక పార్కర్ ఉండి ఉండొచ్చు. అది పోయింది, లేదా విరిగింది. తర్వాత కొడుకో మనవడో అదే పోలికలో ఇంకోటి కొనిచ్చారు. జేబు అదే, మనిషి అదే, కథ కొత్త కలం మీదికి పాకింది. మన ఇళ్లలో ఇలాంటివి ఎన్నో జరుగుతాయి. కథ నిజమే అయ్యుండి, వస్తువు మారిపోతుంది. మిత్రుడు ఇప్పుడు తన నోటుబుక్కులో ఎడమ పక్క ‘హీరో, 1950ల చివరి తర్వాత’ అనీ, కుడి పక్క ‘తాత పార్కర్, రజాకార్ల కాలం’ అనీ రాసుకున్నాడు. రెండూ ఉన్నాయి. దేన్నీ కొట్టేయలేదు.

అమ్మేవాళ్ల మాటలూ కుడి పేజీవే. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో గుడ్డ పరిచి కూర్చున్నాయనను అడిగితే ప్రతి కలమూ నిజాం కలమే. బేరం ఆడండి, కొనండి, తప్పు లేదు. నచ్చిన ధరకు నచ్చిన కలం కొనుక్కుంటే చాలు. ఆయన చెప్పిన చరిత్రకు మాత్రం విడిగా డబ్బులు ఇవ్వకండి.

కలం వయసును ఒకే సంవత్సరంగా చెప్పాలన్న పట్టుదల మానుకోవాలి. దీనికి నాకు చాలా కాలం పట్టింది. రెండు తేదీలు వెతకండి, ఇంతకు ముందు కాదు, ఇంత తర్వాత కాదు. మార్చడానికి వీల్లేని ముక్కల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, అది మొదటి తేదీ చెబుతుంది. గొట్టం, మూత, వాటి మరలు చూడండి. చేతి లేతు మీద కోసిన మరల్లో చిన్న తేడాలు ఉంటాయి, అచ్చు పోసిన ప్లాస్టిక్కు మరలు ఒకే తీరుగా ఉంటాయి, అచ్చు కలిసిన చోట సన్నని గీత కనిపిస్తుంది. రెండో తేదీకి మనిషి దగ్గరికి వెళ్లాలి. ఎవరు వాడారు, ఎప్పుడు మానేశారు, ఎప్పుడు పోయారు. ఇక్కడ కాగితాలు అక్కరకొస్తాయి. సర్వీసు రిజిస్టరు, పెళ్లి ఫోటో, పాత ఉత్తరం, అన్నీ. ఫోటోలో జేబుకు క్లిప్పు కనిపిస్తే సంతోషించండి గానీ, ఆ క్లిప్పు ఈ కలానిదే అని ఒట్టు పెట్టకండి. మా దగ్గర కచ్చేరి సిబ్బంది ఫోటో ఒకటుంది. పెద్దతాత జేబులో ఏదో తళుక్కుమంటోంది. నా కలానికి అసలు క్లిప్పే లేదు.

గొట్టం మీద చెక్కిన అక్షరాలు చదవడానికి సుద్ద రుద్దడం, నూనె పూయడం వద్దు. గది చీకటి చేసి, ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి, గొట్టాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ పది ఫోటోలు తీయండి. ఒకదాన్లో అక్షరం నీడ పడి కనిపిస్తుంది. లిపి రాకపోతే మురికి అనుకోకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అది ఉర్దూ అయ్యే అవకాశం ఎక్కువ, చదివి పెట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

నా నోటుబుక్కులో దేవరకొండ కలానికి ఎడమ పేజీలో ఇలా ఉంది: ఎబొనైటు, ఫిల్లర్ కలం, పాళీ తర్వాత మార్చింది, ఉర్దూలో దేవరకొండ, అంకెలు 13. కాగితాల ప్రకారం ఇచ్చిన కాలం 1933–1942 అయ్యే వీలుంది. కుడి పేజీలో: బదిలీ కానుక, అమ్మ మాట. అమ్మకు ఈ మాట చెప్పింది ఆమె నాయనమ్మ. చెప్పినావిడ ఇప్పుడు లేదు.

మీ ఇంట్లో కలం దొరికితే తుడవడానికి గుడ్డ తీయకముందు ఫోటోలు తీయండి. దాని కథ తెలిసిన పెద్దవాళ్లు ఉంటే, ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చుని కుడి పేజీ నింపండి. ఎడమ పేజీకి తొందరేం లేదు, కలం ఎక్కడికీ పోదు.